మా మామ పాపాలు, నా సాక్ష్యం

మా చర్చి మీదుగా విమానాలు దిగేవి. మీదుగా అంటే మరీ మీదుగానే. అప్పట్లో అది రేకుల షెడ్డు కాబట్టి విమానం వచ్చిన ప్రతిసారీ రేకులు కూడా తమ వంతు ఆరాధన చేసేవి. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో కుడిచెయ్యి పైకెత్తి ఆగేవారు. మేమందరం ఆగేవాళ్ళం. శబ్దం తగ్గాక చెయ్యి దించి, ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒకసారి "నరకం" అన్న మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. అది పెద్ద విమానం అనుకుంటాను, చాలాసేపు పట్టింది. ఆ ఆదివారం ఎంతమంది మారుమనస్సు పొందారో చెప్పలేను గానీ, ఆ కాసేపు మాత్రం ఎవరూ దగ్గలేదు.

ఇప్పుడు అక్కడ షెడ్డు లేదు. స్లాబు వేశారు, కిటికీలకు అద్దాలు బిగించారు, ఏసీలు పెట్టారు. విమానం వచ్చిందీ పోయిందీ తెలియదు. ప్రసంగం ఎక్కడా ఆగదు. సౌకర్యంగానే ఉంది, ఫిర్యాదు చేయడానికి లేదు. కానీ శంషాబాద్ వైపు వెళ్ళిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఆ రేకులూ, కింద పరిచిన చాపలూ, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య వదిలిన నడక దారీ, గుమ్మం బయట చెప్పుల కుప్పా. ఆ కుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా మామ.

మామ అంటే అమ్మ తమ్ముడు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంట్లో మగదిక్కు ఆయనే అని ఊళ్ళో అనేవాళ్ళు. దిక్కు అప్పుడప్పుడూ తూలేది. కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో మిషన్ మీద పని. సాయంత్రం షిఫ్టు దిగాక గేటు ఎదురు గల్లీలో ఒక వైన్ షాపు. అమ్మ నాన్నను చేసుకున్నాక క్రైస్తవురాలయింది, మామ కాలేదు. బోనాలకు ఆయన వేప మండలు కట్టేవాడు, మేము క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేవాళ్ళం, నిచ్చెన మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆదివారం పొద్దున అక్కను బండి మీద దింపి, లోపలికి రాకుండా, వెళ్ళిపోకుండా, బయటే కూర్చునేవాడు. మైకు బయటికి కూడా పెట్టారు కనుక ఆయనకు అంతా వినబడేది.

అమ్మ చేతిలో ఎప్పుడూ చిన్న గుడ్డసంచి ఉండేది. అందులో బియ్యం. మా చర్చిలో ఆడవాళ్ళందరికీ ఉన్న పద్ధతే: అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి, వారం పోగయినదాన్ని ఆదివారం తెచ్చి చర్చి డబ్బాలో పోయాలి. ఇంట్లో బియ్యం ఉన్నా, లేకపోయినా. అది లేనివాళ్ళకు పోయేది. కొన్ని వారాలు లేనివాళ్ళం మేమే కాబట్టి, మా బియ్యం షికారుకు వెళ్ళి మళ్ళీ మా ఇంటికే వచ్చేవి. అమ్మకు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి మామ ఇంట్లో వంట చేస్తూ వాళ్ళ బియ్యంలోంచి కూడా పిడికెడు తీసి పక్కన పెట్టింది. అత్త చూసి, "వదినా, నా బియ్యం గూడ దేవునికేనా?" అంది. అమ్మకు అప్పటిదాకా తెలియదు తను తీసిందని. చేతిలో బియ్యం చూసుకొని తనే ఆశ్చర్యపోయింది. నేను ఆ రోజు బాగా నవ్వాను. మంచి పని మనిషిలోకి అలా దిగిపోతుందని, చెడ్డపని కూడా సరిగ్గా అదే దారిన దిగుతుందని తర్వాత నా మీదే ప్రయోగం జరిగేదాకా నాకు అర్థం కాలేదు.

ఆ ప్రయోగం పేరు సాక్ష్యం.

తెలియనివాళ్ళకు చెబుతాను. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, పాస్టరు గారు "సాక్ష్యం చెప్పేవారు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. దేవుడు తన జీవితంలో చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. మా చర్చిలో మంచి మంచి సాక్ష్యాలుండేవి. ఆటో నడిపే ఒకాయన ఒకప్పుడు కల్లు దుకాణంలో సొంత పెళ్ళాం పుస్తెలు కుదువబెట్టినవాడు. ఆయన లేస్తే షెడ్డంతా నిశ్శబ్దం, చివర్లో రేకులు ఎగిరిపోయేలా హల్లెలూయ. యువకుల ఆదివారం అని నెలకొకటి ఉండేది. ఆ రోజు మాలాంటి వాళ్ళం వంతులవారీగా లేవాలి. నేను డిగ్రీ అయిపోయి, ఎయిర్‌పోర్టు పక్కన ఒక గోదాములో కాగితాలు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నా వంతు వచ్చింది.

నా కష్టం ఏమిటంటే, నాకు చెప్పుకోదగ్గ పాపం లేదు. ఇది గొప్ప కాదు. పాపం చేయడానికి తీరిక, స్నేహితులు, కొంత ధైర్యం కావాలి. నాకు మూడూ తక్కువ. "నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను, చిన్నప్పటి నుంచి ప్రార్థన చేస్తున్నాను, దేవుని దయ వల్ల డిగ్రీ పాసయ్యాను" అన్నాను. ఎవరో ఫ్యాన్ స్పీడు పెంచారు. ఒక పిల్ల ఏడ్చింది, వాళ్ళమ్మ సంతోషంగా బయటికి తీసుకెళ్ళింది. హల్లెలూయ అని ఒక్క గొంతు వినిపించింది. అది అమ్మ.

తర్వాతి నెల నేను తాగాను. మైకులో.

పక్కనే తయారుగా ఉన్న కథ ఒకటుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? మామ ఒకసారి కాటేదాన్‌లో షిఫ్టు దిగి, తాగి, రోడ్డు పక్క మురుగు మోరిలో పడిపోయాడు. తెల్లారాక మొహం మీద ఏదో తడిగా తగిలితే కళ్ళు తెరిచాడట. కుక్క నాకుతోంది. ఇంటికి వచ్చినప్పుడు ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో ఆడవాళ్ళ చెప్పు. నేను ఆ కథలో మామను తీసేసి నన్ను పెట్టాను. కాటేదాన్ తీసేసి శంషాబాద్ పెట్టాను. మోరిలో పడుకొని ఉండగా ఎక్కడినుంచో పాట వినబడిందని, అక్కడే మోకరించానని చేర్చాను. మోకరించడానికి మోరి ఇరుకవుతుందని ఎవరికీ అనుమానం రాలేదు. రేకులు ఎగిరిపోలేదు గానీ, కదిలాయి. ఆటో ఆయన వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. చర్చి ఆడవాళ్ళు అమ్మ చేతులు పట్టుకొని, "నీ కొడుకును దేవుడు ఎంత మార్చిండక్కా!" అన్నారు. అమ్మ ఏమంటుంది? లేదు, నా కొడుకు తాగలేదు, తాగింది నా తమ్ముడు అంటే తమ్ముడి పరువు, ఊరుకుంటే కొడుకు అబద్ధం. తల ఊపింది.

ఇంటికి రాగానే నా మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"నిజంగ తాగినవారా?"

"లేదమ్మా. సాక్ష్యం అంటే జర గట్టిగ ఉండాలె గదా."

"దేవుని ముంగట అబద్ధమాడ్తవా?"

"దేవునికి నిజం తెలుసు గదనే. ఆయన మోసపోడు."

ఇది చాలా తెలివైన జవాబు అని నాకు అప్పుడనిపించింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, కూర రెండోసారి అడిగితే వినబడనట్టు ఉంది.

మామ మాత్రం ఆ రోజే, బండి స్టార్ట్ చేస్తూ, నవ్వుతూ అన్నాడు: "ఏంది అల్లుడా, నా బతుకుల నేను సొంతంగ చేసిన పని గదొక్కటే. గది గూడ నువ్వే గుంజుకుంటివి."

నేనూ నవ్వాను. ఆయన నవ్వుతూ అన్నాడు కాబట్టి నవ్వాల్సిన మాటే అనుకున్నాను.

పాస్టరు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు. ఆయన "అండి" లేకుండా దోమను కూడా కొట్టరు. నన్ను పిలిచి, "మీ సాక్ష్యం చాలా బలంగా ఉందండి బ్రదర్. కాటేదాన్‌లో యువకుల కూడిక ఉంది, అక్కడ కూడా చెబుతారా?" అని అడిగారు. చెప్పాను. అక్కడ మోరిని మళ్ళీ కాటేదాన్‌కు మార్చాను, కనీసం మోరి అయినా సొంత ఊరు చేరింది. తర్వాత షాద్‌నగర్. షాద్‌నగర్ వాళ్ళకు దగ్గరగా ఉంటుందని మోరిని వాళ్ళ బస్టాండు పక్కకు తీసుకెళ్ళాను. వాన పెట్టాను. కుక్కలు రెండయ్యాయి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మొదటిసారి చెప్పినప్పుడు నాకు గొంతు తడారింది, కాళ్ళు వణికాయి. రెండోసారి గొంతు మాత్రమే. మూడోసారి మైకు ఎత్తు సరిచేసుకున్నాను. దాని తర్వాత ఆఫీసులో ఒక వింత గమనించాను. బండి పంక్చర్ కాకుండానే పంక్చరైందని చెప్పేవాణ్ణి, అది మామూలే, లోకమంతా చెబుతుంది. కానీ ఒక రోజు పక్క టేబుల్ ఆయన "చాయ్ తాగినవా?" అని అడిగాడు. తాగానన్నాను. తాగలేదు. చాయ్ కావాలి కూడా. ఆ అబద్ధం వల్ల నాకు వచ్చింది ఏమీ లేదు, ఒక చాయ్ పోయింది. నోరు తనంతట తనే వెళ్ళి ఆ పని చేసి వచ్చింది. నేను కూర్చొని, అత్త వంటింట్లో బియ్యం చూసుకున్న అమ్మలాగే, కాసేపు ఆశ్చర్యపోయాను. అమ్మ ఆశ్చర్యానికి మాత్రం సిగ్గుపడాల్సిన పని లేదు.

అదే రోజుల్లో జరిగిన ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మామ తాగడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. అత్తకు కూడా నెల దాటాకే అనుమానం వచ్చింది, ఆరోగ్యం బాగాలేదేమోనని దవాఖానకు తీసుకుపోదామంది. ఆయన చేసింది ఒకటే. ఫ్యాక్టరీ వెనక గేటు నుంచి బయటపడి, మామిడిపల్లి మీదుగా చుట్టు తిరిగి ఇంటికి రావడం. పెట్రోలు ఎక్కువ, టైము ఎక్కువ, దుమ్ము మరీ ఎక్కువ. ఆ గల్లీ మాత్రం తగలదు. అంతే.

రెండేళ్ళు గడిచాయి. నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. షాద్‌నగర్‌లో ఒక అమ్మాయి, ప్రైవేటు దవాఖానలో నర్సు. వాళ్ళ నాన్న అక్కడి చర్చిలో సంఘ పెద్ద. నా సాక్ష్యం విని, "మారిన పిల్లగాడు, బలమైన సాక్ష్యం" అని ఆయనే ముచ్చటపడి కబురు పంపాడు. అంటే నా అబద్ధానికి పిల్లనిస్తానని వచ్చారు. ఫోటో చూశాను. ఫోటో కాదు, ఆ సంబంధం కోసం అమ్మ మొహంలో వచ్చిన వెలుగు చూశాను. ఆ రెండూ కాదు, నిజం చెప్పాలంటే ఫోటోనే. ఈ సంబంధం పోకూడదని ఆ నిమిషం నుంచే నాకు గట్టిగా ఉంది.

పెళ్ళిచూపులకు అమ్మ, మామ, నేను బస్సులో వెళ్ళాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, దారంతా నలగకుండా ఉండటానికి సీటుకు ఆనుకోలేదు. వాళ్ళింట్లో ప్రార్థనతో మొదలైంది. చాయ్ ఇచ్చారు, మిక్చర్ ఇచ్చారు. వాళ్ళ నాన్న నా సాక్ష్యాన్ని నాకే మళ్ళీ వినిపించాడు, వానతో సహా. నేను వినయంగా తల దించుకున్నాను. అలాంటప్పుడు తల దించుకోవడం నాకు బాగా వచ్చు.

"పిల్లను ఏమన్న అడుగుతవా బిడ్డా?" అన్నాడాయన.

నేనేమీ లేదన్నాను. అమ్మాయి అంది, "నేనొకటి అడుగుత నాయినా."

నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, చార్టు మీద ఏదో రాసుకోబోయే ముందు అడిగినట్టు అడిగింది.

"కుక్క ఒకటా, రెండా?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు తప్ప.

"మా అక్కను కాటేదాన్‌లనే ఇచ్చినం. ఆ కూడికకు నేను వచ్చిన. ఆడ ఒకటే కుక్క అన్నరు, మోరి కాటేదాన్ల అన్నరు. మల్ల మా చర్చికొచ్చి బస్టాండు పక్కన మోరి అన్నరు, రెండు కుక్కలన్నరు. రోజు బస్టాండు నుంచే డ్యూటీకి పోత. ఆడ మోరే లేదు."

వాళ్ళ నాన్న, "ఏయ్, గవేం మాటలే?" అన్నాడు. నేను నోరు తెరిచాను. రెండుసార్లు పడ్డానని చెబుదామనుకున్నాను. అది నమ్మేలాగే ఉంది. రెండు మోరీలు, మూడు కుక్కలు, ఇంకా గట్టి సాక్ష్యం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"కుక్క ఒకటే బిడ్డా," అన్నాడు. "నన్ను నాకింది. ఈన్ని గాదు. ఈడు ఇంతవరకు సోడా దప్ప ఏం తాగలే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లనడగడానికి వచ్చిన ఇంట్లో, నలుగురి ముందు, ఇస్త్రీ చొక్కాలో, ఆయన ఆ మాట అన్నాడు. తన పరువు ఉన్నదంతా తీసి ఆ టీపాయ్ మీద పెట్టాడు. ఆ ఇంటితో ఆయనకు చుట్టరికం లేదు, అనకపోతే ఎవరూ అడగరు.

అమ్మాయి ఆయన్ని చూసింది. "ఇప్పుడు తాగుతలేరా మామా?"

"రెండేండ్లయింది."

"ఎన్నడు సాక్ష్యం చెప్పలే?"

"నేనేం జెప్తనమ్మా, నేను చర్చి లోపటికే రాను. ఆ గల్లీల నుంచి పోతలేను, గంతే. మొదట మొదట హ్యాండిల్ అటే గుంజేది. ఇప్పుడు బండికి గూడ మామిడిపల్లి రోడ్డే అలవాటైంది."

వాళ్ళ నాన్నకు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. ఆయన తాగుడు మానినవాడికి పిల్లనిద్దామనుకున్నాడు. ఎదురుగా తాగనివాడు కూర్చున్నాడు, కానీ మందిరంలో నిలబడి అబద్ధమాడినవాడు. నేను తాగుబోతునైనా కావాలి, అబద్ధాలకోరునైనా కావాలి, మధ్యలో నిలబడటానికి చోటు లేదు. "ఇగ లేవుండ్రి" అనబోయాడు. అమ్మాయి ఆపింది.

"మైకుల చెప్పింది మైకులనే వాపస్ తీసుకోవాలె," అంది నాతో. "మీ చర్చితోని కలిపి మూడు కాడ చెప్పిండ్రు. మూడు కాడ చెప్పుండ్రి. తర్వాత చూద్దాం."

తిరుగు బస్సులో మామ సీటుకు హాయిగా ఆనుకొని కూర్చున్నాడు. చొక్కా గురించి ఇక బెంగ లేదు. నేను క్షమించమని అడిగాను. "జర కిటికీ తెరువు, ఉక్కబోస్తుంది," అన్నాడు.

మర్నాడు సాయంత్రం పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన ఏదో అనబోయారు, విమానం వచ్చింది, చెయ్యెత్తారు. ఇంట్లో ఇద్దరమే ఉన్నా చెయ్యెత్తారు. ఆ విమానం దిగేదాకా ఆయన మొహం చూస్తూ కూర్చోవడం నా జీవితంలో పొడవైన ఆరాధనల్లో ఒకటి.

"క్షమాపణకు ఎంతసేపండి, అడిగిన నిమిషంలో దొరుకుతుంది," అన్నారు చివరికి. "అది మన క్రియల వల్ల వచ్చేది కాదు, కృప. ప్రతి ఆదివారం చెబుతున్నదే. కానీ మీరు రెండేళ్ళుగా ఒక మనిషిని తయారుచేశారు బ్రదర్. ఆ మనిషి మీ లోపలే ఉన్నాడు. క్షమించగానే వాడు సామాన్లు సర్దుకొని వెళ్ళిపోతాడనుకోకండి."

"మరి ఎట్లా అయ్యగారూ?"

"వాణ్ణి తయారుచేసినట్టే, ఇంకొకణ్ణి తయారుచేయాలి. రోజూ కాస్త. దేవుడు సాయం చేస్తాడు, మన బదులు చేయడు." కాసేపు ఆగి, ఈసారి విమానం లేకుండానే ఆగి, "నాదీ కొంచెం తప్పుందండి. బాగుంది కదా అని నేనే ఊరూరా పంపించాను. అడగాల్సింది అడగలేదు," అన్నారు.

అంతవరకు పాపమంటే నాకు చొక్కా మీద మరక. కడిగితే పోతుంది, లోపలి మనిషికి ఏమీ కాదు. పుణ్యం అంటే అమ్మ బియ్యం సంచి, బయట మోసేది. ఆయన మాటలు విన్నాక మామిడిపల్లి రోడ్డు గుర్తొచ్చింది. చర్చిలో అడుగుపెట్టని మనిషికి ఆ సిద్ధాంతం ఎవరు చెప్పారో నాకు తెలియదు. బయట మైకులో విని ఉంటాడు.

ఆదివారం మా చర్చిలో లేచాను. నేను తాగలేదని, అది వేరేవాళ్ళ కథ అని, పేరు తెచ్చుకోవడానికి అబద్ధం చెప్పానని చెప్పాను. మళ్ళీ గొంతు తడారింది, కాళ్ళు వణికాయి. అవి తిరిగి వచ్చినందుకు లోలోపల సంతోషించాను. వెనక నుంచి ఒక అవ్వ "హల్లెలూయ" అంది. ఇంకొకరు అందుకున్నారు. చప్పట్లు. రేకులు మునుపటికంటే ఎక్కువ కదిలాయి. ఆటో ఆయన బయట నన్ను పట్టుకొని, "తమ్మీ, ఏమనుకోకు, మొదటిదే మంచిగుండె," అన్నాడు, "కానీ గిది గూడ తక్కువేం లేదు."

ఆ మాట విన్నాక నా లోపలివాడు లేచి కూర్చున్నాడు. ఇదీ బాగానే పండుతుందన్నమాట.

కాటేదాన్‌కు వెళ్ళేసరికి నేను తయారై ఉన్నాను. మైకు ఎత్తు సరిచేసుకున్నాను. అమ్మాయి వాళ్ళ అక్కతో పాటు ఆడవాళ్ళ వైపు రెండో వరసలో కూర్చుంది, తలమీద చున్నీ కప్పుకొని. నేను మొదలుపెట్టాను. అబద్ధం చెప్పానన్నాను, బాగుంది. మనస్సాక్షి గుచ్చిందన్నాను, అదీ నిజమే. "ఆ రోజు నుంచి మూడు రోజులు నేను అన్నం ముట్టలేదు," అన్నాను. "కన్నీళ్ళతో నా దిండు..." అంటూ అమ్మాయి వైపు చూశాను.

ఆమె కోపంగా చూడటం లేదు. నాకు అదే ఇబ్బంది అయింది. థర్మామీటరు బయటికి తీసి, అంకె ఎంతుందో చూసేటప్పుడు నర్సులు ఎలా చూస్తారో అలా చూస్తోంది. జ్వరం ఉంటే ఉందని రాసుకుంటుంది, లేకపోతే లేదని. ఆమె నుంచి నాకు సాయమూ లేదు, శిక్షా లేదు. వాక్యం సగంలో ఆగిపోయాను. దిండు ఏమైందో అందరూ ఎదురుచూస్తున్నారు.

"అది కూడా జరగలేదు," అన్నాను. "అన్నం తిన్నాను. మూడు రోజులూ తిన్నాను. రెండో రోజు బిర్యానీ. దిండు పొడిగానే ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆ ఊళ్ళో హల్లెలూయ రాలేదు. ఆ చర్చి పాస్టరు, పాపం, తొందరగా పాట ఎత్తుకున్నారు. నేను వచ్చి చాప మీద కూర్చున్నాను. మనిషి మారిన క్షణం ఏదని ఎవరైనా అడిగితే నేను మోరిని చూపించలేను, మోకాళ్ళను చూపించలేను. ఆ దిండు దగ్గర ఆగినదాన్నే చూపించగలను. అది కూడా మారడం కాదేమో. హ్యాండిల్ అటు గుంజుతుంటే మొదటిసారి ఇటు తిప్పడం.

బయట చెప్పుల దగ్గర ఆమె నన్ను దాటుతూ, "ఇంక మా ఊరున్నది," అంది. అంతే అంది. ఒప్పుకున్నట్టా, కాదా, బస్సెక్కినా నాకు తేలలేదు. మధ్యలో వారం రోజులున్నాయి. ఆ వారం ఆఫీసులో ఎవరు చాయ్ తాగినవా అని అడిగినా నిజం చెప్పాను. దానితో నాకు రోజుకు రెండు చాయ్‌లు ఎక్కువ దొరికాయి. సత్యానికి ఫలితం ఇంత తొందరగా వస్తుందని ఎవరూ ముందే చెప్పలేదు.

షాద్‌నగర్ చర్చి పెద్దది, కుర్చీలున్నాయి. నేను ఎక్కువ భయపడింది అక్కడికే. అమ్మ, మామ వచ్చారు. మామ బయట కూర్చుంటానన్నాడు గానీ, అక్కడ చెప్పులకు గది కట్టారు, కూర్చోవడానికి చోటు లేదు. లోపలికి వచ్చి చివరి వరసలో, తలుపుకు దగ్గరగా, ఏ నిమిషమైనా లేచిపోయేవాడిలా కూర్చున్నాడు. అమ్మాయి వాళ్ళ నాన్న ముందు వరసలో ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, పక్క ఊళ్ళ నుంచి తన తమ్ముళ్ళను కూడా పిలిపించుకున్నాడు. తన బిడ్డను అడిగినవాడు ఎంత ఏడుస్తాడో, ఎంత పశ్చాత్తాపపడతాడో వాళ్ళకు చూపించాలని ఆయన ఆశ. పెద్దమనిషి ఆశ తీర్చాలని నాకూ ఉంది. తీర్చడం ఎలాగో కూడా నాకు బాగా తెలుసు.

మైకు నా ఎత్తుకు లేదు. వంగి మాట్లాడాను.

"నేను ఇక్కడ రెండేళ్ళ కింద చెప్పిన సాక్ష్యం అబద్ధం. నేను ఎప్పుడూ తాగలేదు. మీ అందరి ముందు అబద్ధం చెప్పినందుకు క్షమించండి."

తర్వాత ఏం చెప్పాలా అని వెతికాను. చాలా దొరికాయి, అన్నీ బాగున్నాయి. ఒక్కటీ జరగలేదు. మైకు వదిలేసి వెళ్ళి కూర్చున్నాను.

ఒకాయన గడియారం చూసుకున్నాడు. ముందు వరసలో అమ్మాయి వాళ్ళ నాన్న కుర్చీలోనే వెనక్కి తిరిగి, ఆడవాళ్ళ వైపు కూర్చున్న కూతుర్ని వెతికి పట్టుకొని, గుసగుస అనుకుంటూ అందరికీ వినబడేలా అడిగాడు:

"గింతేనా?"

"గింతే నాయినా," అంది ఆమె. "ఇగ పెండ్లి పత్రికలు కొట్టించు."